బాలింతల పీయూషగ్రంథి మాంద్యము

ప్రసవసమయమున మరణించు తల్లుల సంఖ్య తగ్గుచున్నదని మన ప్రభుత్వములు చెప్పుకొనుచున్నవి. ఆ మాట సత్యమే. 2018-20 సంవత్సరముల నమూనా నమోదు లెక్కలనుబట్టి లక్ష సజీవ జననములకు మృతినొందిన తల్లులు దేశము మొత్తమున 97 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 45 మందియు, తెలంగాణమున 43 మందియు నుండిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలననుబట్టి ఆంధ్రప్రదేశమున నూటికి 96.5, తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. మన తాతలనాడు పురుడు స్త్రీకి పునర్జన్మ యని యనెడివారు. ఆ భయము నేడింత సన్నగిల్లుట యెల్లరును సంతోషింపదగిన విషయమే. ఇందుకు కారకులైన వైద్యులను, దాదులను, ఊరూర తిరిగి గర్భిణులను కనిపెట్టుకొనియుండు ఆశా కార్యకర్తలను మేము మనఃపూర్వకముగ నభినందించుచున్నాము.

కాని మరణించినవారికి లెక్క కలదు. మరణించుటకు వెండ్రుకవాసి దూరమున నిలిచి తిరిగివచ్చినవారికి లెక్క లేదు. విపరీతమైన రక్తస్రావమునుండి బ్రతికి బయటపడిన తల్లి ఆసుపత్రి గడప దాటినతోడనే ప్రభుత్వము దృష్టిలో ఆమె కథ సుఖాంతమగుచున్నది. ఆమె నిజముగ కోలుకొన్నదా, లేక ఇంటనే యేండ్ల తరబడి క్షీణించుచున్నదా యని యడుగువారు లేరు. నేడు మేము పాఠకుల ముందుంచదలచినది ఈ యడుగని ప్రశ్నయే.

ఇట్టి తల్లులలో కొందరి గతి యెట్లుండునో వివరింతుము. కాన్పునాడు మాయ పడుటలో నాలస్యమైనది, రక్తము కుండలతో క్రుమ్మరించినట్లు పోయినది, కన్నులు తేలవేసినది, రక్తమెక్కించి వైద్యులు ప్రాణము నిలిపిరి. ఇంటికి వచ్చిన పిదప బిడ్డకు చన్నుపాలు పడలేదు. బంధువులు తమకు తోచిన పథ్యములన్నియు పెట్టిరి. ఫలము లేక బిడ్డ పోతపాలతో పెరిగెను. నెలలు గడచినను ఆమె బహిష్టు కాలేదు. ముట్టు రాకపోయిన పీడ విరగడయైనదని కొందరనిరి. క్రమముగ నీరసము హెచ్చినది. ఎండకాలమున సైతము దుప్పటి కప్పుకొనును. చంకలలోని వెండ్రుకలు రాలినవి. ముఖము పాలిపోయి, ముప్పదియేండ్లకే సన్నని ముడుతలు దేరినవి. నిలుచున్నచోట కన్నులు చీకట్లు క్రమ్మును. బిందెడు నీరెత్తలేని కోడలిని అత్త ఒళ్లు వంగని దనును. భర్త తన మీద ప్రేమ తగ్గినదని శంకించును. చుట్టుప్రక్కలవారు గాలి సోకినదందురు. తుద కొకనాడు సామాన్యమైన జ్వరమో వాంతులో పట్టుకొని ఆమె తెలివితప్పి పడిపోవును. బహుకాలము క్రిందటి కాన్పునకును ఈ మూర్ఛకును సంబంధముండునని యెవరికిని తోచదు.

సంబంధము కలదు. ఆ సంబంధమున కాధారము తల లోపల, మెదడు క్రింద, ఎముకతో నేర్పడిన చిన్న గుంటలో నొదిగియున్న బఠానిగింజంత గ్రంథి. దాని బరువు అరగ్రామునకు కొంచెమెక్కువ. దానినే పీయూషగ్రంథి యందురు. మెదడులోని శ్లేష్మము ఈ గ్రంథిద్వారా ముక్కునకు దిగునని ప్రాచీన యవన వైద్యులు తలచిరి. 1543లో శరీరశాస్త్ర గ్రంథము ప్రకటించిన వెసేలియసంతటివాడును ఆ భ్రమను వదలలేదు. పాశ్చాత్యులు దానికి పెట్టిన పేరు నేటికిని శ్లేష్మమనియే యర్థమిచ్చును. మనవారు పెట్టిన పేరు మేలైనది. పీయూషమనగా అమృతము, ఈనిన యావు తొలిపాలకును అదియే పేరు. తల్లికి పాలిచ్చునదియు, ఆ తల్లి ప్రాణమును నిలుపునదియు ఈ గ్రంథియే కావున ఈ పేరు రెండువిధముల సార్థకమైనది.

ఈ గ్రంథి శరీరమందలి తక్కిన గ్రంథులకు అధికారివంటిది. దీని ముందరి భాగమునుండి వెలువడు స్రావములలో నొకటి కంఠమందలి థైరాయిడు గ్రంథిని, ఒకటి మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులను, రెండు అండాశయములను పనిచేయించును. ఒకటి పాలను పుట్టించును. ఒకటి బాలురకు ఎదుగుదలను, పెద్దలకు కండపుష్టిని ఇచ్చును. తహసీలుదారు కచ్చేరి మూతబడినచో గ్రామములలో ఉద్యోగులుండియు ఆజ్ఞలు లేక పనులు నిలిచిపోవునట్లు, ఈ గ్రంథి మందగించినచో తక్కిన గ్రంథులు చెడకుండియే పనిమానును. దీనినే పీయూషగ్రంథి మాంద్యమందురు. గ్రంథిలో పుట్టు కంతులు, వానికై చేయు శస్త్రచికిత్స, కిరణచికిత్స, తలకు దగిలిన గట్టిదెబ్బలు, మెదడు పొరలకు సోకిన క్షయ మొదలగునవి దీనికి కారణములు. కొందరికి పుట్టుకతోనే యుండును. కాని సులభముగ నివారింపదగినదియు, మనదేశమున అత్యంతము ఉపేక్షింపబడుచున్నదియు బాలింతలకు వచ్చు మాంద్యమే.

దీని మర్మమును స్పష్టపరచినవాడు హెరాల్డు లీమింగు షీహను. స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగర ప్రసూతి ఆసుపత్రిలో పరిశోధకుడుగ నుండి, కాన్పుపిమ్మట మరణించిన స్త్రీల శరీరములను పరీక్షించి, అధిక రక్తస్రావమైనవారి పీయూషగ్రంథి ముందరి భాగము చచ్చిపోయియుండుటను కనుగొని 1937లో ప్రకటించెను. నాటినుండి ఈ వ్యాధికి అతని పేరే నిలిచినది. గర్భధారణకాలమున పాలు పుట్టించు కణములు వృద్ధినొందుటచే ఈ గ్రంథి పెరుగును. కాని దానిని చుట్టియున్న యెముక గుంట పెరుగదు. పైగా ముందరి భాగమునకు రక్తము బలమైన ధమనులనుండి గాక, ముఖ్యముగ ఒత్తిడి తక్కువగ నుండు సిరలగుండ వచ్చును. తల్లి రక్తము పోయి నాడి పడిపోయినప్పుడు, ఇరుకున పడియున్న ఆ గ్రంథికి రక్తమందక కణములు నశించును. నశించిన భాగము మరల చిగురింపదు. వెనుకటి భాగమునకు ధమనుల రక్తమే తిన్నగ వచ్చుటచే అది చాలవరకు దక్కును.

ఇందొక విచిత్రము కలదు. కాన్పు కాగానే రక్తస్రావమును నివారించుటకై తల్లికి సూదిద్వారా ఇచ్చు ఆక్సిటోసిను ఈ గ్రంథి వెనుకటి భాగమునుండి వెలువడు పదార్థమే. ఆ భాగపు సారము గర్భాశయమును ముడుచుకొనజేయునని 1906లో హెన్రీ డేలు కనుగొనెను. 1953లో డూ విన్యో దానిని ప్రయోగశాలలో నిర్మించి 1955లో నోబెలు బహుమానము నందెను. కాన్పైన మరుక్షణమున నిచ్చు 10 యూనిట్ల సూది తల్లి ప్రాణమునే గాక, ఆమె తలలోని గ్రంథిని గూడ కాపాడుచున్నదన్నమాట. చలువ చెడిన ఆక్సిటోసిను నిష్ఫలమగును. కావున ఒక ఆరోగ్యకేంద్రమున శీతలపేటిక పనిచేయకపోవుట చిన్న లోపము కాదు. దాని ఫలము ఒక స్త్రీ జీవితకాలమంతయు ననుభవింపవలసి వచ్చును.

ఈ వ్యాధి పుస్తకములలోని యపూర్వవ్యాధి యని కొందరు వైద్యులు తలచెదరు. కాన్పులయందు రక్తస్రావము వెంటనే అరికట్టబడు సంపన్నదేశములలో నది నిజమే. మనదేశమున కాదు. కాశ్మీరమున శ్రీనగరమందలి వైద్యపరిశోధకులు గ్రామములు తిరిగి స్త్రీలను పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితములనుబట్టి, 20 యేండ్లు దాటిన, కాన్పైన స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి ఈ మాంద్యమున్నట్లు తేలినది. వారిలో మూడింట రెండువంతులమంది ఇంటనే ప్రసవించినవారు. ఆ లెక్క కాశ్మీరమునకే చెల్లును. దానిని యథాతథముగ తెలుగునాట కన్వయించుట తగదు. ఐనను ఇంటి కాన్పులు విస్తారముగ జరిగిన కాలమున తల్లులైనవారు నేడు మన గ్రామములలో నలువది, ఏబది, అరువది యేండ్ల వయసున నున్నారు. వారిని పరీక్షించినవారెవరు? మరియు ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి, తెలంగాణమున 57.6 మందికి రక్తహీనత కలదని 2019-21 పరిశీలనయే చెప్పుచున్నది. అసలే రక్తము తక్కువగ నున్న తల్లి కొద్దిపాటి స్రావమునకును తట్టుకొనలేదు. కావున ఆసుపత్రి కాన్పులు పెరిగినంతమాత్రమున ఈ ప్రమాదము తొలగిపోయినదని నిశ్చింతగ నుండుటకు వీలులేదు.

వ్యాధి గుర్తింపబడక పోవుటకు మరియొక కారణము పరీక్షలలోనే యున్నది. నీరసమని వచ్చిన స్త్రీకి సామాన్యముగ రక్తహీనత పరీక్షయు, థైరాయిడు పరీక్షయు చేయింతురు. థైరాయిడు పరీక్షయందు చాలచోట్ల కొలుచునది టి.ఎస్.హెచ్. ఒక్కటియే. ఇది థైరాయిడు స్రావము కాదు. థైరాయిడును పనిచేయుమని పీయూషగ్రంథి పంపు ఆజ్ఞ. థైరాయిడే చెడినప్పుడు ఈ యాజ్ఞ హెచ్చును. వైద్యుడు వెంటనే గుర్తించును. కాని ఆజ్ఞ పంపునదే చెడినప్పుడు టి.ఎస్.హెచ్. తక్కువగనో సరిగనున్నట్లో కానవచ్చును. చీటిపై అంతయు బాగున్నదని వ్రాయబడును. రోగి యింటికి పంపబడును. ఇట్టివారికి స్వేచ్ఛా టి-4 కొలతయు, ఉదయకాలపు కార్టిసాలు కొలతయు చేయించిననే నిజము బయటపడును. రక్తములో సోడియము తగ్గి పడిపోయిన స్త్రీకి లవణజలమెక్కించి పంపుటతో తృప్తిపడక, అది యేల తగ్గినదని విచారింపవలెను. అట్టి ప్రతి స్త్రీని కాన్పుల చరిత్ర యడుగుట వైద్యుని కర్తవ్యము.

చికిత్స కష్టము కాదు. కాని క్రమము తప్పరాదు. శరీరము తనంతట చేసికొనలేని స్రావములను మాత్రలరూపమున నందించుటయే చికిత్స. సాధారణముగ దినమునకు 15 మొదలు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోను రెండు మూడు భాగములుగ ఇత్తురు. అది కుదిరిన పిదప థైరాక్సిను, వయసులోనున్న స్త్రీలకు అండాశయ స్రావములు చేర్తురు. కార్టిసోను లేనివారికి ముందుగ థైరాక్సిను ఇచ్చినచో శరీరవ్యాపారము వేగిరపడి ప్రాణాపాయము సంభవింపవచ్చును. ఈ యొక్క నియమము తెలియకపోవుటచే మేలు చేయబోయి కీడు చేయుట జరుగును. చికిత్స పొందినవారు కొలదిదినములలోనే లేచి తిరుగుదురు. ఏండ్లకొలది మంచమునకు చేరువగ బ్రతికినవారు పొలములకు, ఉద్యోగములకు మరలుదురు. తగిన వైద్యమున కొందరు మరల తల్లులగుటయు కలదు.

ఇచట మన ప్రజలలో నున్న యొక భయమును ప్రస్తావింపక తప్పదు. స్టెరాయిడు అను మాట వినగానే మాత్రలను పారవేయువారు కలరు. అవసరము లేనివారు అధికముగ వాడిన నది కీడే చేయును. కాని ఈ రోగికిచ్చునది అధికము కాదు, లోటు తీర్చుట మాత్రమే. ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నమును అతిభోజనమనుట యెంత అసంగతమో ఇదియు నంతియే. ఈ మాత్రలను ఎవరి మాటనో విని ఒక్కసారిగ మానరాదు. జ్వరము వచ్చినప్పుడు వైద్యుడు నేర్పిన ప్రకారము రెట్టింపో మూడింతలో చేసికొనవలెను. వాంతులై మాత్ర నిలువనిచో ఆలసింపక ఆసుపత్రికి పోయి 100 మిల్లీగ్రాముల సూది వేయించుకొనవలెను. ఈ సంగతి రోగికి మాత్రమే గాక భర్తకును, అత్తమామలకును, ఎదిగిన బిడ్డలకును తెలిసియుండవలెను; తెలివి తప్పినవారు తమ మాట తాము చెప్పుకొనలేరు గదా!

రక్తపింజర కాటును గూర్చియు నొకమాట. ఈ సర్పమును మన తీరవాసులు కాటుకరేకుల పొడ యని వ్యవహరించిరనుట విశాఖపట్టణమున పనిచేసిన పాట్రికు రస్సెలు 1796లో ప్రకటించిన గ్రంథమువలన తెలియుచున్నది. తరువాత ఆంగ్లమున నాతని పేరే పామునకు దక్కినది. దాని విషము రక్తనాళములలో గడ్డలు పుట్టించి, పీయూషగ్రంథిని బాలింతలయందు వలెనే నాశము చేయగలదని నాటి బర్మాలో చేసిన పరిశోధనలు 1987లో లాన్సెట్టు పత్రికలో వెలువడినవి. కావున ఈ మాంద్యము ఆడువారికే పరిమితము కాదు. పొలమున కాటు తిని బ్రతికివచ్చిన రైతుకు నెలలు గడచినను సత్తువ రాకున్నచో, అది విషపు పట్టు అని సరిపెట్టుకొనక గ్రంథిపరీక్ష చేయింపవలెను.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రములపై ఇప్పటికే పెనుభారమున్నదనియు, ఆశా కార్యకర్తలు లెక్కలు వ్రాయుటతోనే సతమతమగుచున్నారనియు, ఇంకొక వ్యాధిని వారి నెత్తిన వేయుట న్యాయము కాదనియు కొందరనవచ్చును. ఈ యాక్షేపణ నిర్హేతుకమైనది కాదు. కాని మేము కోరునది క్రొత్తశాఖ కాదు, క్రొత్త భవనము కాదు, రెండు ప్రశ్నలు. కాన్పున రక్తము విపరీతముగ పోయిన తల్లిని "పాలు పడినవా?" యని మొదటివారమునను, "ముట్టు మరల వచ్చినదా?" యని కొన్ని నెలలకును అడుగవలెను. పాలు లేని తల్లులందరికి ఈ వ్యాధి యుండదు. పాలిచ్చు తల్లులకు నెలల తరబడి ముట్టు రాకపోవుట సహజము. కాని పాలును లేక, ముట్టును లేక, నీరసము మాత్రము పెరుగుచున్న స్త్రీని పరీక్షకు పంపక యుండుట అపరాధము. ఇంటింటికి పోయి బిడ్డ బరువు తూచు కార్యకర్త తల్లిని ఈ రెండు మాటలడుగుటకు పట్టు కాలమెంత?

ఇక ప్రభుత్వములు చేయవలసినవి కొన్ని కలవు. కాన్పున ఎంత రక్తము పోయినదో, రక్తమెక్కించిరో లేదో ఆసుపత్రివారు విడుదలచీటిపై స్పష్టముగ తెలుగున వ్రాయవలెను. పదియేండ్లకు ఆ తల్లి ఇంకొక వైద్యుని యెదుట నిలుచునప్పుడు ఆ చీటియే సాక్ష్యము. జిల్లా ఆసుపత్రులన్నింట కార్టిసాలు పరీక్ష ఉచితముగ జరుగవలెను. హైడ్రోకార్టిసోను ప్రపంచ ఆరోగ్యసంస్థవారి ఆవశ్యకౌషధముల పట్టికలోనిది. దాని మాత్రలు జిల్లా ఆసుపత్రియందును, సూది ప్రతి ఆరోగ్యకేంద్రమందును లోటులేక యుండవలెను. జీవితాంతము వాడవలసిన మందు ఒక నెల దొరకి ఒక నెల దొరకకపోయిన, అది చికిత్స కాదు, ప్రాణముతో చెలగాటము. అన్నింటికంటె ముందుగ, గర్భిణుల రక్తహీనతను మాన్పుట, కాన్పున రక్తస్రావమును తొలిక్షణముననే అరికట్టుట—ఇవి మూలచికిత్సలు. అధిక రక్తస్రావమైనప్పుడు ట్రానెక్సామికు ఆమ్లమును మూడుగంటల లోపల నిచ్చిన మరణములు తగ్గునని 21 దేశములలో ఇరువదివేలకు పైబడిన స్త్రీలపై జరిగిన పరిశోధన 2017లో నిరూపించినది. తెలిసిన యుపాయమును సమయమున కందింపకపోవుట తెలియకపోవుటకంటె పెద్దతప్పు.

గృహస్థులకు మేము చేయు మనవి వేరు. మీ యింట కాన్పునాడు చావుతప్పి బయటపడిన స్త్రీ యున్నదా? ఆమె పాలు, ముట్టు, బలము, జుట్టు, చలి—ఈ యైదింటిని గూర్చి యొకసారి కూర్చుండబెట్టుకొని యడుగుడు. ఏండ్లు గడచిపోయినవిగదా యని వెనుదీయకుడు. ఇరువదియేండ్ల తరువాత కనిపెట్టినను ఈ వ్యాధికి చికిత్స ఫలించును. సోమరి యని నిందించిన నోటితోనే ఆమెను ఆసుపత్రికి రమ్మని పిలువుడు.

వంశము నిలుపుటకై నెత్తురు ధారవోసిన స్త్రీకి మనజాతి ఋణపడియున్నది. ఆమె మరణింపలేదు గనుక ఋణము తీరినదనుకొనుట ఆత్మవంచన. చావక బ్రతుకుట ఒకటి, జీవించుట మరియొకటి. మొదటిదానిని మన వైద్యులు సాధించుచున్నారు. రెండవదానిని గూడ సాధించుటకు కావలసినవి రెండు ప్రశ్నలు, ఒక రక్తపరీక్ష, కొన్ని మాత్రలు. ఇంత స్వల్పమైన దానిని తల్లులకు నిరాకరించు ప్రభుత్వము తన మాతృసంక్షేమమును గూర్చి గర్వించుటకు అర్హముకాదని మా యభిప్రాయము. ఇకమీదట మరణించిన తల్లుల లెక్కతోపాటు కోలుకొనని తల్లుల లెక్కయు ప్రకటింపబడుగాక యని మేము కోరుచున్నాము.